మూడో చక్రానికి తొమ్మిదో చక్రం చప్పుడు

రెండో డ్రమ్ము సగానికి వచ్చింది. పైపు కొసని చేత్తో పట్టుకుని నీటి మట్టం కేసి చూస్తూ నిలబడ్డాను. మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో నీళ్ళు పొద్దున్న ఆరుంబావుకి వదిలి ఏడున్నరకి కట్టేస్తారు. ఆలోగా మూడు డ్రమ్ములు, నాలుగు బిందెలు, వంటింటి తొట్టి నిండాలి. ఒకటి నిండుతుండగానే రెండోదాని మూత తీసి ఉంచుకోవాలి. పైపు మార్చేటప్పుడు బొటనవేలితో మూతి నొక్కి పట్టాలి. లేకపోతే వరండా అంతా తడిసి నూకాలమ్మ పిన్ని నోట్లో పడాలి.

వరండాలో నవారు మంచం మీద నా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని తెర మీద అంకెలు పైకి పాకిపోతున్నాయి. నా కళ్ళు డ్రమ్ము మీది నుంచి దాని మీదికి, దాని మీది నుంచి డ్రమ్ము మీదికి తిరుగుతున్నాయి.

"వొచ్చినాదా?" అన్నాడు జగ్గారావు బాబాయ్, నోట్లో వేపపుల్లతో.

"రాలేదు బాబాయ్."

"మూడ్రోజులై సూస్తన్నావు. పుట్ట కాడ పాములోడు కూకున్నట్టు కూకున్నావు గదమ్మా."

"పామైతే ఎప్పటికైనా బయటికొస్తాది. ఇది నేను సూస్తంటే రాదు, సూడకపోతే వొస్తాది."

"అయితే సూడకు," అని ఆయన తేలిగ్గా తేల్చేసి పుల్ల ఉమ్మి వచ్చాడు.

బాబాయ్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంకో ఏడాది సర్వీసుంది. ఆయన ఎడమచేతికి చిటికెనవేలు, ఉంగరపువేలు లేవు. ఎనిమిది నెలలుగా ఈ ఇంటి వెనక గదిలో ఉంటున్నాను గానీ ఆ వేళ్ళ సంగతి నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. నూకాలమ్మ పిన్నిది శ్రీకాకుళం దగ్గర మా పక్క ఊరే. అమ్మకి వరసకి చెల్లెలు అవుతుంది. నాకు ఇన్స్టిట్యూట్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చిందని తెలియగానే, "పిల్లని హాస్టల్లో పెట్టీసినావంటే నీ ఇంటి గడప తొక్కను" అని అమ్మకి ఫోన్ చేసి బెదిరించిందట.

ఈ ఇంట్లో ఒక నియమం ఉంది. బయటికి వెళ్ళేవాళ్ళని ఎక్కడికని అడగరు. వెళ్ళేవాళ్ళు మాత్రం "ఎల్లొస్తాను" అని పిన్నికి వినపడేలా చెప్పాలి. చెప్పకుండా గడప దాటితే బాబాయ్‌నైనా వీధి చివరిదాకా వెంటబడి తిడుతుంది. పట్టాల మీద పని చేసేవాళ్ళ ఇళ్ళలో అలాగే ఉంటుంది కాబోలు అనుకుని నేనూ అలవాటు పడ్డాను.

మా ప్రాజెక్టు పనేమిటంటే, రైలు చక్రాల బేరింగులు ఎలా అదురుతున్నాయో వినడం. మా ల్యాబులో పన్నెండు పాత బేరింగుల్ని ఇనుప చట్రానికి బిగించి మోటారుతో తిప్పుతాం. ఒక్కోదానికీ ఒక సెన్సరు. వాటినే మేం చక్రాలంటాం. అందులో తొమ్మిదో దానికి కావాలనే పగులున్న బేరింగు పెట్టాం. మిగతావన్నీ మంచివి. ఏది మంచిదో ఏది చెడిందో మా ప్రోగ్రాం చెప్పాలి. చెబుతోంది కూడా. కానీ రెండు మూడు గంటలకోసారి, కనురెప్ప పాటు, మూడో చక్రం దగ్గర తొమ్మిదో చక్రం అదురు కనిపిస్తోంది. మరుక్షణం అంతా మామూలే.

"బాగున్న చక్రం చెడిందని చెబితే బండి ఆపి చూసుకుంటారు. చెడిన చక్రం బాగుందని చెబితే?" అన్నారు భీమశంకరం సార్ గురువారం నాడు. ఆయన మా ప్రాజెక్టు ప్రొఫెసరు. గొంతు పెంచే మనిషి కాదు. "సోమవారం పదకొండింటికి రైల్వే వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఆలోగా తేలకపోతే ఆ భాగం పక్కన పెట్టేద్దాం. నిఖిలేష్, నీ థీసిస్‌లో ఆ అధ్యాయం కూడా తీసెయ్యాల్సి ఉంటుంది."

నిఖిలేష్‌ది వరంగల్ వైపు. పీహెచ్‌డీలో ఐదో ఏడు నడుస్తోంది. ఆ అధ్యాయం పోతే అతనికి ఇంకో ఏడాది. కంప్యూటరుకి గుండెకాయ లాంటి కెర్నెల్‌తో మాట్లాడే భాగమంతా రాసింది అతనే కాబట్టి తప్పు అతనిదేనని సార్ అనుకున్నారు, అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. సార్ వెళ్ళాక అతను నా బల్ల మీద ఉన్న మరమరాల పొట్లం లాక్కుని తింటూ, "ఐదేండ్ల సంది మూడో చక్రంలెక్కనే తిరుగుతున్న. తొమ్మిదో చక్రం రోగం నాకే అంటుకోవాల్నా?" అన్నాడు. నవ్వాడు గానీ మరమరాలన్నీ కింద పోశాడు.

ఇదంతా ఏమిటని ఆ సాయంత్రం పిన్ని అడిగింది. నేను మొహం వేలాడేసుకుని వస్తే కారణం తెలుసుకోకుండా అన్నం పెట్టదు.

"ఒక షాపులో ఎనమండుగురు పనోళ్ళున్నారనుకో పిన్నీ. అందరూ ఒకేసారి పని సేస్తంటారు. ఆళ్ళనే థ్రెడ్లంటారు. సెన్సరు కాడికి ఆళ్ళు సొంతంగా ఎల్లలేరు. మధ్యలో కెర్నెల్ అని ఒకడున్నాడు, మీ స్టోర్ బాబులాగ. కౌంటర్ కాడ ఖాళీ డబ్బా ఇచ్చి, మూడో చక్రం అదురు ఇందులో పొయ్యమని సీటీ రాసిస్తే, లోపల పోసి, అయిపోయిందని సీటీ బయట పడేస్తాడు. లోపలికి మాత్రం ఎవర్నీ రానివ్వడు."

"ఆ స్టోర్ బాబు తాగొచ్చినాడేటి, మూడో డబ్బాలో తొమ్మిదోది పోస్తన్నాడు?"

"అదే తెలవట్లేదు."

"ఎల్లి ఒక్కొక్కడినీ నిలబెట్టి అడుగు."

నేను మూడు రోజులుగా చేస్తున్నది అదే. ప్రతి పనివాడూ ఏ డబ్బా తీసుకున్నాడో, ఎప్పుడిచ్చాడో తెర మీద రాసేటట్టు చేశాను. రాయడానికి ఆగేసరికి వాళ్ళ వరస మారిపోతోంది. వరస మారితే తప్పు జరగదు. శుక్రవారం పగలంతా చూశాను, ఒక్కసారి కూడా రాలేదు. శనివారం నీళ్ళు పడుతూ కూడా చూస్తున్నానంటే, ఇంకో దారి తోచకనే.

"అయితే సూడకు" అని బాబాయ్ అన్న మాట మూడో డ్రమ్ము నిండేదాకా చెవిలో ఉండిపోయింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎర్రకోడి ఉండేది. గంపలో పెట్టకుండా ఎక్కడో దాచి గుడ్లు పెట్టేది. దాని వెంట పడితే అది పెట్టదు, ఊరంతా తిప్పుతుంది. మా నాయనమ్మ దాని కాళ్ళకి కాస్త ముగ్గు పూసి వదిలేసి తన పని తాను చేసుకునేది. మధ్యాహ్నం తీరిగ్గా ముగ్గు అడుగులు చూసుకుంటూ వెళ్ళి గుడ్లు తెచ్చుకునేది. బడి నుంచి వచ్చి ఆ అడుగులు వెతకడం నా పని.

పైపు చుట్టి పెట్టి మంచం మీద కూర్చున్నాను. తెర మీద రాసే వరసలన్నీ తీసేశాను. వాటి బదులు ప్రతి డబ్బాకీ ఒక నంబరు ఇచ్చి, అది చేతులు మారినప్పుడల్లా కంప్యూటరు మెమరీలో ఒక మూల ఒక్క చుక్క పెట్టేటట్టు చేశాను. చుక్క పెట్టడానికి పట్టే కాలం లెక్కలోకి రాదు. మూడో చక్రం దగ్గర తొమ్మిదో అదురు కనపడగానే ప్రోగ్రాం దానంతటదే ఆగిపోవాలని రాసి, ల్యాబులోని మిషను మీద నడవనిచ్చి, ల్యాప్‌టాప్ మూసి, పిన్నికి వంకాయలు తరిగి ఇచ్చాను.

పదకొండూ ఇరవైకి ఆగింది.

ఏడో నంబరు డబ్బా. చుక్కలన్నీ వరసగా ఉన్నాయి. తొమ్మిదో చక్రం కోసం ఒక పనివాడు దాన్ని కెర్నెల్‌కి ఇచ్చాడు. గడువు దాటినా నిండి రాలేదు. ఇక వద్దు, ఆపెయ్యమని కెర్నెల్‌కి చెప్పి డబ్బాని ఖాళీ డబ్బాల అరలో పెట్టేశాడు. ఇంకో పనివాడు మూడో చక్రం కోసం అరలోంచి అదే డబ్బా తీసుకున్నాడు. అందులోకి తొమ్మిదో చక్రం అదురు వచ్చి పడింది.

నిఖిలేష్‌కి ఫోన్ చేశాను. విని ఒక్క కేక పెట్టాడు. తర్వాత, "మరి ఆపెయ్యమన్నంక కెర్నెల్ ఎట్ల పోసింది?" అన్నాడు.

"కెర్నెల్‌లోనే తప్పుందేమో."

"ప్రశాంతీ, ప్రపంచంల ప్రతి ఒక్కడు తన కోడ్ పని చెయ్యకుంటె కెర్నెల్ మీదికే తోస్తడు. నూటికి తొంభైతొమ్మిది సార్లు తప్పు తోసేటోనిదే. చూడు, మల్ల చూడు. నేను రేపు చేపల టయానికి వస్త."

ఆదివారం చేపల టయం అంటే ఈ ఇంట్లో గిరిబాబు మామయ్య వచ్చే వేళ. ఆయన పిన్నికి స్వయానా తమ్ముడు, బాబాయ్‌తో పాటే వర్క్‌షాపులో చేరినవాడు. ఆదివారం తొమ్మిదయ్యేసరికి ఖరిదా బజారు నుంచి సైకిల్ హ్యాండిల్‌కి చేపల సంచి తగిలించుకుని వస్తాడు. నేనొచ్చాక ఒక్క వారం కూడా తప్పలేదు. జ్వరంతో కూడా వచ్చాడొకసారి. మాట తక్కువ మనిషి. చేపలు తెచ్చి, తనే తోమి, భోజనం చేసి వెళ్తాడు.

ఆ వారం పార్శే చేపలు తెచ్చాడు. పెరట్లో కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన పీట మీద బాబాయ్, ఊరికే పర్యవేక్షణ.

"ఏటి బావా, సూస్తన్నావు? పొట్టు తియ్యొచ్చు గదా."

"ఈ సేతికున్నవి మూడేళ్ళు. అయ్యి కూడా నీ కత్తిపీటకిస్తే నేను దేంతో తింటాను రా?"

"అన్నీ పని తప్పించుకునే సాకులే."

"అప్ప కూతురు పెళ్ళికీ ఇలాటి మాటే అన్నాడు," అని వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "బిందె ఎత్తమంటే ఏళ్ళు నేవన్నాడు. పేకాట్లో పదమూడు ముక్కలూ ఎలగ పట్టినాడో అడుగు."

నేను అరుగు మీద కాగితం పెట్టుకుని ఏడో నంబరు డబ్బా కథ బొమ్మగా గీస్తున్నాను. బాబాయ్ మెడ సాచి చూశాడు. "ఏటా పెట్టెలు? వేగన్లేటి?"

"డబ్బాలు బాబాయ్. ఇదిగో, లోపలున్నోడిని ఇంక సాల్లే, వొచ్చీమన్నాం. డబ్బా తీసేసుకున్నాం. అయినా ఆడు దాన్లోనే పోసినాడు."

"వొచ్చీమన్నారు. సరే. ఆడు వొచ్చినాడా?"

"ఏటి?"

"బయటికి వొచ్చినాడో నేదో సూసినారా అని అడుగుతున్నాను. వొచ్చీమనడం ఏరు, వొచ్చీడం ఏరు గదమ్మా." ఎడమచెయ్యి ఎత్తి నా మొహం ముందు ఆడించాడు. "ఇదిగో, ఈ రెండూ అక్కడే పోనాయి."

కత్తిపీట మీద పొట్టు గీస్తున్న చప్పుడు ఆగింది. బాబాయ్ వినిపించుకోలేదు.

"పందొమ్మిదేళ్ళ కిందట మమ్మల్ని డెప్యుటేషన్ మీద ఓ సిన్న యార్డుకి పంపినారు. వేగన్ కిందకి దూరి బ్రేకు సూడాల. దూరేముందు వేగన్‌కి ఎర్రజెండా కట్టాల. జెండా ఉన్నంతసేపు ఇంజినోడు దాన్ని ముట్టుకోకూడదు. ఎవుడు కట్టిన జెండా ఆడే విప్పాల, అదీ రూలు. ఆ రోజు నట్టు బిగుసుకుపోనాది, నాను కిందే ఉండిపోనాను. ఇంతలో భోజనాల సైరన్ మోగినాది. సైరన్ మోగింది గదా, అందరూ బయటికొచ్చేసుంటారు, జెండా మర్సిపోనారు అనుకున్నారు. తీసేసినారు. సాయమే అనుకో. ఇంజినోడికి జెండా కనబడనేదు. తోసినాడు. సక్రం అర మూర కదిలింది, అంతే. అర మూరకి రెండేళ్ళు."

"ఎవరు తీసినారు?" అన్నాను.

"ఎవుడో. నాను జెండా కట్టడమే మర్సిపోనానని రాసిచ్చీసినాను. ఓ చార్జిషీటు, రెండు సమ్మచ్చరాలు ప్రమోషన్ నేదు. ఠీక్ హై. ఏళ్ళు ఎలాగూ రావు గదా."

పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తమ్ముడి వీపు కేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య తల ఎత్తలేదు. కాసేపటికి పొట్టు చప్పుడు మళ్ళీ మొదలైంది. ఒకే చేపని చాలాసేపు గీశాడు.

నేను కాగితం తీసుకుని గదిలోకి వచ్చాను.

మా పనివాడు ఆపెయ్యమన్నప్పుడు కెర్నెల్ ఏం జవాబిచ్చిందో ఆ చుక్కల్లోనే ఉంది. నిన్న దాన్ని చూశాను, దాటేశాను. "పని నడుస్తోంది" అని జవాబు. అంటే ఇంకా లోపలే ఉన్నాను, చెయ్యి డబ్బాలోనే ఉంది అని. మా ప్రోగ్రాం ఆ జవాబు చదవను కూడా లేదు. గడువు దాటింది కదా, అయిపోయి ఉంటుందిలే అని డబ్బాని అరలో పెట్టేసింది. కెర్నెల్ చెప్పినట్టే చేసింది పాపం. నిండాక, అయిపోయిందని చివరి చీటీ కూడా పడేసింది. దాని కోసం ఎవరూ ఆగలేదు.

నాలుగు వరసల పని. ఆపెయ్యమన్నాక కూడా ఆ చివరి చీటీ వచ్చేదాకా డబ్బాని ముట్టుకోకూడదు. రాశాను. తప్పు నిజంగా పోయిందో లేదో తేలడానికి రెండు గంటలు ఆగే ఓపిక లేక, గడువుని పదో వంతుకి తగ్గించాను. ఆపెయ్యమనే సందర్భాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. పాత ప్రోగ్రాం మూడు నిమిషాల్లో తప్పు చేసింది. మళ్ళీ నడిపితే నాలుగు నిమిషాల్లో. కొత్తది పది నిమిషాలైనా చెయ్యలేదు, అరగంటైనా చెయ్యలేదు. వంటింట్లోంచి ఆవపెట్టిన చేపల పులుసు వాసన వస్తోంది. గంట దాటింది. మూడో చక్రం దగ్గర మూడో చక్రం అదురే ఉంది.

అప్పుడు, మార్చిన వరసల పక్కన కారణం రాయాలి కదా అని, పాత వరసలు ఎప్పటివో చరిత్ర తెరిచి చూశాను. ఏ వరస ఎవరు ఏ రోజు రాశారో అందులో ఉంటుంది.

జూలై పద్నాలుగు. ప్రశాంతి.

గుర్తొచ్చింది. ఆ వారం నిఖిలేష్ అక్క పెళ్ళికి ఊరు వెళ్ళాడు. ఖాళీ డబ్బాలు అయిపోయి ప్రోగ్రాం ఆగిపోతుండేది. గడువు దాటినవాటిని ఎవరూ అరలో పెట్టకపోవడం వల్లేనని కనిపెట్టాను. పెళ్ళి పనుల్లో ఉన్నవాడిని ఏం కదిలిస్తాంలే అని నేనే నాలుగు వరసలు రాసి సర్దేశాను. అతను తిరిగొచ్చి, స్వీట్ల డబ్బా నా చేతిలో పెట్టి, "నా ఇల్లు నువ్వు ఊడ్చినవ్, థాంక్స్" అన్నాడు. ఆ రోజంతా నేను గాల్లో తేలినట్టు తిరిగాను.

నిఖిలేష్ ఒంటిగంటకి చెమటలు కక్కుతూ వచ్చాడు. "టోటో బండి దొరకలే ఆంటీ, నడిసొచ్చిన. చేపలు అయిపోయినయా?"

"ముళ్ళున్నాయి, తింటావేటి?" అంది పిన్ని, కంచం నిండా పెడుతూ. అతను మర్యాదకి ఆంటీ అంటాడు గానీ పిన్ని అతన్ని మా ఇంటి కోడిపుంజు అంటుంది, వచ్చినప్పుడల్లా గోల చేస్తాడని.

అతను కూర్చోకముందే ల్యాప్‌టాప్ చూపించాను. గంటన్నర నడిచిన వరసల్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ముంగిట్లోకి వెళ్ళి ఒంటికాలి మీద గిర్రున తిరిగాడు. పక్క క్వార్టరు డయానా ఆంటీ కిటికీలోంచి "క్యా హువా?" అని అడిగితే "చక్రం ఠీక్ హో గయా!" అని అరిచాడు.

"ఇది కూడా సూడు," అని చరిత్ర చూపించాను.

చూశాడు. నా పేరు దగ్గర అతని వేలు ఆగింది. వచ్చి కంచం ముందు కూర్చుని అన్నంలో పులుసు కలుపుకుంటూ, మామూలు గొంతుతో, "ఇది సార్‌కు చెప్పకు," అన్నాడు.

"ఎందుకు?"

"నీ రెన్యువల్ కాయితం ఆయన టేబుల్ మీదుంది. ఈ నెలాఖరుకు సంతకం పెట్టాలె. ఇప్పుడు గిది చెప్తె పెడ్తడో పెట్టడో. కెర్నెల్ భాగమంత నాదే అని అందరికి తెలుసు. నా తప్పే, నేనే సరిచేసిన అంటా. నాకేమైతది? తిట్లు అలవాటే. నువ్వు రాసినప్పుడు చదివి బాగుందన్నది నేనే గద."

"నా మూలంగా నీ అధ్యాయం పోయేది."

"పోలే కద. తిను ముందు. తిన్నంక సార్‌కు నేనే ఫోన్ చేస్త."

"మంచోడమ్మా ఈ పుంజు," అంది పిన్ని. ఆమె కళ్ళు మెరిశాయి. ఇంకో చేప ముక్క అతని కంచంలో వేసింది.

"అదే నయం," అన్నాడు బాబాయ్. "ఊరు కాని ఊర్లో పిల్ల ఉజ్జోగం నిలబడాల. ఒకడు ఓ మాట అనీసుకుంటే అయిపోద్ది."

నాకూ ఒక్క క్షణం అదే నయం అనిపించింది. ఆ కాగితం మీద సంతకం పడకపోతే నేను ఈ ఇంట్లో ఉండను, ఆ చట్రం ముందు ఉండను. తల ఊపబోయాను.

"బావా," అన్నాడు గిరిబాబు మామయ్య.

ఆయన భోజనం దగ్గర మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అందరం తిరిగి చూశాం. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది.

"పందొమ్మిదేళ్ళు సేపలు మోస్తన్నాను బావా."

"ఒరే, ఇప్పుడేటి రా..."

"సెప్పనీ. నువ్వు ఆస్పత్రిలో ఉండగా నాను ఆఫీసు కాడికి ఎల్లినాను. జెండా తీసింది నానే అని సెప్పడానికి ఎల్లినాను. ఆ బాబు ఫైల్ సూసి, జగ్గారావే ఒప్పుకున్నాడు గదా, మధ్యలో నువ్వేటి, పో అన్నాడు. రెండోసారి ఎల్లినాను. ఫైల్ మూసీసినాం అన్నాడు." ఆయన ఎవరి కేసీ చూడలేదు. "నీ సంతకం నా కంటే ముందు ఎల్లిపోనాది బావా. ఇంక నాకు సెప్పడానికి ఏటి మిగిల్నాది? ఆదోరం ఆదోరం సేపలు తేవడం తప్ప?"

బాబాయ్ మూడు వేళ్ళ చెయ్యి కంచం పక్కన నేల మీద ఉంది. దాన్ని కదిపి మామయ్య మోకాలి మీద పెట్టాడు. "నీకు ఇద్దరు ఆడపిల్లలు రా అప్పటికి. సిన్న గుంటలు."

"తెలుసు."

"సేపల కోసం గాదు రా నువ్వొస్తావని సూసేది. ఎర్రి నాయాలా." పులుసు గిన్నె మామయ్య వైపు జరిపాడు. "తిను. పులుసు సల్లారిపోతే మీ అప్ప నన్ను తిడతాది."

పిన్ని చెంగుతో ముక్కు తుడుచుకుంది. మామయ్య ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. నిఖిలేష్‌కి సగమే అర్థమైనట్టుంది. కంచంలో చూసుకుంటూ గబగబా తినేసి, "ఎంత మంచి పులుసు ఆంటీ," అని నెమ్మదిగా అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అతని ఫోను గూట్లో ఉంది.

పెరట్లో మగ్గు డ్రమ్ములో మునిగిన చప్పుడు వినిపించింది. అతను చేతులు ఎంతసేపు కడుగుతాడో నాకు తెలుసు. ల్యాబులో కూడా మూడుసార్లు సబ్బు పెడతాడు.

నేను లేచాను. కంచంలోనే చెయ్యి కడుక్కుని తువ్వాలుకి తుడుచుకున్నాను. ల్యాప్‌టాప్ మూయకుండా, జూలై పద్నాలుగు కనపడుతుండగానే సంచిలో పెట్టుకున్నాను. భీమశంకరం సార్ ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటారు. సైకిల్ మీద ఇరవై నిమిషాలు. ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో నా గొంతు ఎప్పుడూ సగంలో ఆగిపోతుంది, మిగతా సగం అవతలివాళ్ళే మంచిగా పూరించేస్తారు. ఎదురుగా నిలబడితే ఆయన నా పేరు తన కళ్ళతో చదువుకుంటారు.

చెప్పులేసుకుంటుంటే పిన్ని గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. నా భుజాన సంచి చూసింది. నా నోటి కేసి చూసింది, ఎప్పుడూ అనే మాట కోసం. ఆ ఒక్క మాట అంటే పెరట్లోకి వినపడుతుంది. పుంజు పరిగెత్తుకొచ్చి ఆపుతుంది. ఆ మాట మింగేశాను.

పిన్ని తిట్టడానికి తెరిచిన నోరు మూసేసింది. వెనక మామయ్య కంచం దగ్గర నుంచి తల ఎత్తి నన్నే చూస్తున్నాడు. బాబాయ్ పెరటి తలుపు కేసి తిరిగి, "ఒరే అబ్బీ, ఆ మూడో డ్రమ్ము మూత సరిగ్గా పెట్టి రా!" అని గట్టిగా అరిచాడు.

నేను గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా ఎత్తి, సైకిల్ బయటికి తీసి, ఎక్కాను.